కవిగారి బీరువా

2016 అక్టోబర్ 11న పాలమూరు జిల్లా ముక్కలైనప్పుడు ఎవరికేం ఒరిగిందో గానీ, మా కవిగారికి మాత్రం బీరువా చాలకుండా పోయింది. అంతకుముందు ఉగాది కవిసమ్మేళనమంటే మహబూబ్‌నగర్‌ పోవాలి. ఒక పంచె, ఒక లాల్చీ ఉంటే ఏడాది గడిచిపోయేది. ఇప్పుడు గద్వాలకో కలెక్టరు, వనపర్తికో కలెక్టరు, నాగర్‌కర్నూల్‌కో కలెక్టరు. ఉగాది కాక జూన్ 2న రాష్ట్రావతరణ ఉంది, సెప్టెంబర్ 9న కాళోజీ జయంతి ఉంది. కవిత పాతదైనా ఊరు కొత్తది కాబట్టి చెల్లిపోతుంది. బట్టలు పాతవైతే ఫొటోల్లో దొరికిపోతామని ఆయన బెంగ.

పేరెందుకు లెండి. రిటైరైన తెలుగు పండితులు, కాపురం వనపర్తిలో. ఇటువంటివారు ఊరికొకరుంటారు, పెద్ద ఊరైతే ఇద్దరుంటారు, ఆ ఇద్దరికీ మాటలుండవు. ఆహ్వానపత్రం రాగానే ఈయన చూసేది తేదీ కాదు, పిలిచిందెవరా అని. సర్కారు సభైతే జరీ అంచు పంచె, కండువా. అవధానమైతే పట్టు. ప్రజాసంఘాలవాళ్లు పిలిస్తే నలిగిన ఖద్దరు లాల్చీ, భుజాన గుడ్డసంచి, ఆ రోజు తలకు నూనె ఉండదు. లాల్చీ నలగడానికి ముందురోజు రాత్రి దిండు కింద పెట్టుకుంటారు. మిగతావి ఇస్త్రీకి పోతాయి. అవి తిరిగొచ్చేలోపు కవిత అయిపోవాలని నియమం. ఇస్త్రీ ఆలస్యమైనప్పుడల్లా దీర్ఘకవితలు వచ్చాయి.

ఉగాది రోజున పొద్దున వనపర్తి, సాయంత్రం గద్వాల పెట్టుకుంటారు. పెబ్బేరు దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, ఎర్రవల్లి చౌరస్తాలో దిగి, ఏ హోటలు వెనకనో పంచె మార్చి, మళ్లీ బస్సెక్కుతారు. ఒకసారి అడిగాను, ‘ఎందుకు సార్ ఇంత తిప్పలు?’ అని.

‘గద్వాలంటే మాటలా తమ్మీ? విద్వద్గద్వాల! తిరుపతి వేంకట కవులు నడయాడిన సంస్థానం’ అన్నారు.

నిజమే. ఆ జంట గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు తిరిగి గెలిచారు. వాళ్ల మీసాలు లోకప్రసిద్ధం. కానీ ఆ కాలపు కవికి శాలువా ప్రభువు కప్పితే వచ్చేది. పెద్దన కాలికి రాయలవారు గండపెండేరం తొడిగారంటారే గానీ, పెద్దన ముందే కొని తొడుక్కుని సభకొచ్చాడని ఎక్కడా లేదు. ఇప్పుడు ప్రభువులు లేరు కనుక కవే ముందు జాగ్రత్త పడుతున్నాడు.

గద్వాలలో ఒక ఇబ్బంది కూడా ఉంది. అది గుడ్డ తెలిసిన ఊరు. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు అతికించి నేసే చేతులు అక్కడివి. తిరుమల వెంకన్నకు బ్రహ్మోత్సవాల్లో కట్టే ఏరువాడ పంచెల జోడు దీక్షపట్టి నేసేది అక్కడే. అటువంటి ఊళ్లో మా కవిగారు చేనేత మీద కవిత చదివారు. మగ్గం గుంతను గర్భగుడి అన్నారు, నేతన్నను బ్రహ్మ అన్నారు. చప్పట్లు బాగానే పడ్డాయి. దిగివస్తుంటే ముందు వరుసలో కూచున్న ఒక ముసలాయన చెయ్యి చాచి, కవిగారి పంచె అంచు రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపి చూశాడు.

‘కైత మంచిగున్నది సారూ. పంచెనే సూరత్‌ది.’

ఆ సాయంత్రం తిరుగు బస్సులో కవిగారు మాట్లాడలేదు.

జూన్ 2 గొంగడి సంగతి ఇంకో రకం. మట్టివాసన రావాలని ఒక కురుమాయన దగ్గర గొంగడి అడిగి తెచ్చుకున్నారు. రోహిణి ఎండ ఇంకా చల్లారలేదు. మీదికెల్లి షామియానా. ఉన్ని గొంగడి మెడదాకా కప్పుకుని పుట్టినగడ్డ మీద అరవై పాదాలు ఎత్తుకున్నారు. ఇరవయ్యో పాదంలో కళ్లజోడు జారింది, నలభయ్యో పాదంలో ‘నా తల్లీ’ అన్నదగ్గర ఆగిపోయి చాలాసేపు తల్లినే పిలిచారు. కలెక్టరుగారు తన నీళ్ల సీసా పంపారు. గొంగడి వెనక్కి తీసుకుంటూ కురుమాయన అన్నాడు: ‘ఎండకాలం మేం గూడ కప్పుకోం సారూ. మలిచి భుజాన ఏసుకుంటం.’

నాగర్‌కర్నూల్ దారిలో బిజినేపల్లి వస్తుంది. పాకాల యశోదారెడ్డిగారి ఊరు. బస్సు అక్కడికి రాగానే కవిగారు ప్రతిసారీ దండం పెట్టి, ‘సభలో ఆమె అంత పెద్ద బొట్టు పెట్టుకుని నిలబడితే ఎవరి కళ్లయినా అటే పోయేవి తమ్మీ’ అంటారు. ఇక్కడ ఆయనతో నాకు పేచీ. ఆమె కథల పుస్తకం ‘మా ఊరి ముచ్చట్లు’ 1973లో వచ్చింది. అందులో పాలమూరు పలుకు ఎట్లా ఉందో అట్లాగే కాగితం మీద కూచుంది. అంత పలుకు చేతిలో ఉన్నామె ఏ బొట్టు పెట్టుకున్నా చెల్లుతుంది. పలుకు అరువు తెచ్చుకున్నవాళ్లకే గొంగడి కూడా అరువు తేవాల్సి వస్తుంది. ఇదంతా బస్సులో చెప్పలేదు, కిటికీ సీటు ఆయనే ఇప్పించారు మరి.

మొన్న నాగర్‌కర్నూల్ సభకు కొత్త నెహ్రూ కోటు కుట్టించారు, మట్టి రంగుది, చెక్క గుండీలు. మర్నాడు జిల్లా పేజీలో ఫొటో పడింది. పాతికమంది కవులు వరసగా నిలబడి, ముందు కవిసమ్మేళనం బ్యానరు పొడుగూతా పట్టుకుని ఉన్నారు. మెడ నుంచి మోకాళ్ల దాకా అందరికీ అదే బట్ట.

అమ్మగారు కాఫీ ఇస్తూ తొంగిచూసి, ‘ఇగో, కోటు యాడ కనపడుతున్నది? రెండువేలు కుట్టుకూలి ఇస్తిరి’ అన్నారు.

కవిగారు కళ్లజోడు తుడుచుకుని, పేపరు దగ్గరికి పెట్టుకుని, శానాసేపు చూశారు.

‘చెప్పులు కనపడుతున్నయే’ అన్నారు.