హెడ్ గ్యాస్కెట్ పోయిందా? కంగారు పడకండి

పాత లారీ రేడియేటర్‌లో పొద్దున పోసిన నీళ్ళు మధ్యాహ్నానికి మాయమవుతున్నాయా? కింద చుక్క కారిన జాడ కూడా లేదా? బండికి దాహం వేసింది, అంతే. వేసవిలో మనకి వెయ్యదూ? సైలెన్సర్ నుంచి తెల్లపొగ వస్తోందంటే క్లీనర్‌ని అటు చూడొద్దనండి.

ఆయిల్ గేజి తీస్తే నల్లగా ఉండాల్సిన ఆయిల్ పాలెక్కువైన టీలా ఉంటుంది. ఆయిల్ పోసే మూత లోపల మీగడ కట్టి ఉంటుంది. ఆయిల్లో నీళ్ళు కలిశాయని మేస్త్రీ బెదరగొడతాడు. కలిస్తే ఆయిల్ లెవెలు పెరిగినట్టే కదా, మీకే లాభం! ఆ మజ్జిగలో తిరిగి బేరింగులు అరిగిపోవడం తర్వాతి మాట.

రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేసి, నీళ్ళలో బుడగలు వస్తున్నాయేమో చూడాలట. అదీ ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మూత తియ్యాలట. అంత ఓపిక ఎవరికుంది? నేను ఏలూరు దాటాక, బండి సలసల కాగుతుండగానే మూత తిప్పాను. బుడగలు చూడలేకపోయాను గానీ మణికట్టు మీద మచ్చ ఇప్పటికీ ఉంది.

వైద్యం సులువే. రేడియేటర్‌లో గుప్పెడు పసుపు వెయ్యండి. సన్నచిల్లులకి పాత డ్రైవర్లు చేసే వైద్యమే ఇది. సిలిండర్‌లో డీజిల్ మండే ఒత్తిడికి పసుపు ఆగుతుందా అని అడిగేవాడికి భక్తి లేదన్నమాట. ముల్లు ఎర్రగీత దాటితే మీటరు వైరు పీకెయ్యండి.

ఎలాగూ హెడ్ దింపారంటే ఫేసింగ్‌కి పంపకండి. అడుగున ఇనప స్కేలు నిలబెట్టి, సందులోంచి వెలుగు కనిపిస్తోంది, హెడ్ వంగిందంటారు. గాలి ఆడొద్దూ? బోల్టులు మధ్య నుంచి బయటికి, విడతలుగా, టార్క్ పానాతో బిగించాలన్నది కంపెనీ చాదస్తం. మీరు మూల నుంచి మొదలెట్టి, పానాకి గొట్టం తొడిగి, కిర్రుమనేదాకా లాగండి.

ఇక పికప్ సంగతి. టాటా 697 అంటే 6 సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు. మీది టర్బో లేనిదైతే విజయవాడ ఆటోనగర్‌లో ఏదో ఒక పాత టర్బో తెచ్చి తగిలించండి. టర్బోకి పిస్టన్లు, పంపు సెట్టింగు వేరు అన్న మేస్త్రీని మార్చండి. పంపు స్క్రూ రెండు చుట్లు తిప్పితే నల్లపొగ చూసే ఊరు మీకు దారిస్తుంది. ఇంజిన్ మారిస్తే ఆర్‌సీలో ఎక్కించాలనే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 మనకెందుకు?

నా బండికి ఇవన్నీ చేయించాను. ఒక పొద్దున సెల్ఫ్ కొడితే టక్కున ఆగిపోయింది. రాత్రంతా సిలిండర్‌లోకి దిగిన నీళ్ళు గాలిలా నలగవు కదా, కనెక్టింగ్ రాడ్డే వంగింది. తుక్కు కొట్టతను బ్లాకు, హెడ్ కాటా వేసుకుని, గ్యాస్కెట్ మాత్రం నా చేతిలో పెట్టాడు. దానికి తూకం రాదట.