లేవమనే కుర్చీ

నేను టేకు కుర్చీని. చేతులున్నాయి, చక్రాలు లేవు. మా ఇంటాయన ఆర్టీసీ డ్రైవరుగా రిటైరయ్యాక పేపరూ, కాఫీ, మధ్యాహ్నం కునుకూ అన్నీ నా మీదే. పక్షవాతం వచ్చి కుడి కాలూ చెయ్యీ పడిపోయాక, ఆయనకు నన్ను వదిలి లేవడమే వైద్యమైంది.

ఫిజియో అమ్మాయి వస్తూనే నన్ను జారకుండా గోడకు ఆనించింది. దుప్పటి మడతపెట్టి నా మీద పరిచింది. కుర్చీ ఎత్తుగా ఉంటే లేవడం తేలిక. కాలికి బలం వచ్చేకొద్దీ మడతలు తగ్గిస్తారు. ఆయనేమో వీపు నిటారుగా పెట్టి, బరువంతా ఎడమకాలి మీదే మోపి లేవబోయేవారు.

"అలా కాదు బాబాయిగారూ, కుడి పాదం కాస్త వెనక్కి లాగండి. బాగా ముందుకు వంగండి, ముక్కు కాలివేళ్లు దాటాలి!"

వెనక్కి లాగించడంలోనే ఉంది కిటుకు. బద్ధకించే ఆ కాలు తన వంతు బరువు మోయక తప్పదు. కూర్చునేటప్పుడూ ధబాలున పడకూడదు. అది నా నడుముకీ మంచిదే.

"ఆయాసపడుతున్నారు, కాసేపు కూర్చోనివ్వమ్మా" అనేవారు ఆయన భార్య.

"కూర్చోవడం ఆయనకి వచ్చు పిన్నిగారూ!"

మాట కటువే అయినా నేను ఆ అమ్మాయి పక్షమే. దెబ్బతిన్న చోటి పనిని మెదడులో మిగతా భాగాలు అందుకోవాలంటే, చేసిందే మళ్లీ మళ్లీ చేయాలి.

తర్వాత నన్ను గోడ నుంచి ముందుకు జరిపి, ఆయన్ని నా వెనక నిలబెట్టింది. బరువు అటూ ఇటూ మార్చడం, మడమలెత్తడం, ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనించి నిలవడం. మొదట్లో ఆయన పట్టుకు నా కీళ్లు కిర్రుమనేవి. రానురాను వేళ్లు మాత్రమే తగిలేవి.

మా కుర్చీలతో పెట్టే పరీక్ష కూడా ఒకటుంది. 1991లో పొడ్సియాడ్లో, రిచర్డ్‌సన్ అనే ఇద్దరు దాన్ని ప్రచురించారు. లేచి, 3 మీటర్లు నడిచి, వెనుదిరిగి వచ్చి కూర్చోవాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు సుమారు 10 సెకన్లలో ముగిస్తారట. మా ఆయనకు చిక్కంతా మలుపులోనే. పాదం ముందుభాగం వాలి నేలకు రాసుకుంటుంది, దాంతో కాలిని పక్కనుంచి తిప్పి వేస్తారు. మారేడుమిల్లి ఘాట్‌లో బస్సు తిప్పినాయనకి ఈ హాల్లో మలుపు! ఒంటికాలి మీద గిర్రున తిరగకుండా చిన్నచిన్న అడుగులతో తిరగమని ఆ అమ్మాయి మొత్తుకుంటుంది.

ఇప్పుడు ఎడమ చేతికి కర్రిచ్చి అరుగు మెట్ల దగ్గరికి తీసుకెళ్తోంది. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు పడిపోయిన కాలు ముందట. అక్కడికి నన్నెవరూ మోసుకుపోరు. ఆ పాఠమేదో మెట్లే చెప్పుకోవాలి.