సాక్సోపాఖ్యానం (టీకా తాత్పర్య సహితం)

అవతారిక: ఉదయం 7.15. రాత్రి 1 గంట దాకా దిండు పక్కన ఫోన్లో రీళ్లు చూసి, 5.30కే కుళాయి నీళ్లకు లేచిన ఒక గృహస్థు ఇంటిల్లిపాదినీ ఉద్దేశించి పలికిన వాక్యమిది.

మూలం: "నా రెండో సాక్సు ఎక్కడ చచ్చింది?"

ప్రతిపదార్థం: నా = నిద్ర చాలని నాయొక్క; రెండో సాక్సు = జతలో కనబడని ఆ ఒక్కటి; ఎక్కడ = ఈ రెండు గదుల కొంపలో ఏ మూల; చచ్చింది = మరణించింది.

అన్వయం: ప్రాణం లేనిదానికి చావేమిటని పూర్వపక్షం. నిజమే, వాచ్యార్థం పొసగదు. 'కనబడటం లేదు' అన్నది లక్ష్యార్థం. 'రాత్రి సరిగ్గా పడుకోలేదు, నా జోలికి రాకండి' అన్నది ధ్వని. సాక్సు నిన్న కూడా పోయింది. నిన్న వెతుక్కున్నాడు, ఇవాళ చంపాడు.

తాత్పర్యం: మెదడులో బాదంగింజంత అమిగ్డలా అనే భాగం ఉంది. భయం, చిరాకు దాని శాఖలు. నుదుటి వెనకున్న భాగం ఇంటిపెద్దలా దాన్ని 'ఊరుకో' అంటుంటుంది. 2007లో అమెరికా పరిశోధకులు దాదాపు 35 గంటలు మేలుకున్నవారికి ఒళ్లు జలదరించే బొమ్మలు చూపి స్కాన్ తీశారు. కంటినిండా పడుకున్నవారి కంటే వీరిలో ఆ బాదంగింజ 60 శాతం ఎక్కువగా ఎగిరిపడింది. ఇంటిపెద్ద మాట దానికి చేరడమే తగ్గింది. మన గృహస్థుది అంత తపస్సు కాదు, నాలుగున్నర గంటలు పడుకున్నాడు. అయితే పెద్దలకు 7 గంటలైనా కావాలని వైద్యుల మాట.

అలంకారం: ముక్తపదగ్రస్తం. నిద్ర చాలకపోతే సాయంత్రానికి దిగాల్సిన కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను దిగడానికి మొరాయిస్తుంది; అది దిగకపోతే నిద్ర రాదు; నిద్ర రాకపోతే ఫోను; ఫోను ఉంటే నిద్ర రాదు. విడిచిన పదాన్నే మళ్లీ పట్టుకోవడం ఇంత చక్కగా కుదిరిన ఉదాహరణ అలంకారగ్రంథాల్లోనూ అరుదు.

విశేషం: మన ఆడవాళ్ల పాటల్లో లక్ష్మణుడి వంతు నిద్ర కూడా ఊర్మిళే పద్నాలుగేళ్లు పోయింది. ఈ ఇంట్లో ఆ సదుపాయం లేదు. గృహిణి 5 గంటలకే లేచింది. ఆమె సాక్సుల గురించి ఎవరూ టీక రాయలేదు.

పాఠాంతరం: వంటింట్లోంచి వినవచ్చినది: "ఎడమ కాలికే రెండూ తొడుక్కున్నారు, చూసుకోండి."

ఈ పాఠమే సాధువని టీకాకారుడు కాలు తడిమి చూసుకుని నిర్ణయించాడు.