అరెస్టు వివరాలు కంటపడకుండా నెట్టుకురావడం ఎలా: జొన్నాడ వారికి చిట్కాలు

సంక్రాంతికి కోడిపందేల బరి దగ్గరో, మిగతా రోజుల్లో పేకాట దగ్గరో, ఇసుక ట్రాక్టరు దగ్గరో మనింట్లో ఒకణ్ని పోలీసు జీపు ఎక్కించుకుపోయిందని ఎప్పుడో ఒకప్పుడు కబురు వస్తుంది. కంగారు పడకండి. స్టేషన్‌లో ఎవరున్నారో, ఎందుకున్నారో, ఎప్పటినుంచి ఉన్నారో చెప్పే కాగితాలున్నాయి. చట్టం వాటిని జనం కోసమే పెట్టించింది. వాటి జోలికి వెళ్తే తిరగాలి, చదవాలి, అడగాలి. అంత తీరిక ఎవరికుంది? కింద చెప్పినట్టు చేయండి, కూర్చున్న చోటే పని పూర్తవుతుంది.

1. స్టేషన్‌కి వెళ్లకండి, జంక్షన్‌కి వెళ్లండి.

మన జొన్నాడ ఆలమూరు స్టేషన్ కిందికి వస్తుంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 37వ సెక్షను ఒకటుంది. ప్రతి స్టేషన్‌లోనూ, ప్రతి జిల్లాలోనూ ఏఎస్సైకి తగ్గని అధికారి ఒకరు అరెస్టుల లెక్క చూడాలట. పట్టుబడినవాళ్ల పేరు, చిరునామా, ఏ నేరం కింద పట్టుకున్నారో అందరికీ కనబడేట్టు పెట్టాలట, బోర్డు మీదైనా కంప్యూటరు తెర మీదైనా. పాత చట్టంలో ఆ బోర్డు జిల్లా కంట్రోల్ రూము బయట ఉండాలనేవారు. తూర్పుగోదావరి జిల్లాలో ఉన్నన్నాళ్లూ మనం కాకినాడ దాకా పోవాల్సొచ్చేది, కాబట్టి దూరమని చెప్పుకోవడానికి వీలుండేది. ఇప్పుడది పక్కనున్న ఆలమూరుకే వచ్చేసింది. అయినా వెళ్లకండి. జంక్షన్‌లో టీ కొట్టు దగ్గర కూర్చుంటే పావుగంటలో మూడు కథలు దొరుకుతాయి: గంజాయి అని ఒకాయన, పొలం గట్టు తగాదా అని ఇంకొకాయన, పార్టీ గొడవ అని మరొకాయన. మీకు ఏది బావుంటే అది తీసుకుని ఇంటికెళ్లి చెప్పేయండి.

2. ఎవరైనా బలవంతాన తీసుకెళ్తే, బోర్డు ఖాళీగా ఉందో లేదో చూసి వచ్చేయండి.

మనవాడి పేరు లేకపోతే అరెస్టే కాలేదని అర్థం చేసుకోండి. ‘లోపల కూర్చున్నవాడు మావాడే కదండీ, పేరెందుకు ఎక్కలేదు?’ అని అడిగారంటే రాతపూర్వకంగా ఇవ్వమంటారు. తెల్ల కాగితం కావాలి, పెన్ను కావాలి. వాటికి మళ్లీ కొట్టుకెళ్లాలి.

అదే గోడ మీద డి.కె. బసు కేసు తీర్పులోని సూచనలు కూడా ఉంటే అటు వీపు పెట్టి నిలబడండి. 1986లో బెంగాల్‌లో న్యాయసహాయం చేసే ఒకాయన, లాకప్ చావుల మీద సుప్రీంకోర్టుకి ఉత్తరం రాశారు. పదేళ్లకి, 1996 డిసెంబరు 18న, పదకొండు సూచనలతో తీర్పొచ్చింది. అరెస్టు చేసే పోలీసు పేరు బ్యాడ్జీ మీద కనబడాలని, 48 గంటలకొకసారి డాక్టరు చూడాలని, అరెస్టు సంగతి 12 గంటల్లో కంట్రోల్ రూముకి చేరాలని, ఇలాంటివన్నీ. ఒక ఉత్తరానికి ఇంత జరిగితే మీరు రాసే ఉత్తరానికి ఏం జరుగుతుందో! అందుకే రాయకండి.

3. అరెస్టు మెమో మీద చదవకుండా సంతకం పెట్టండి.

అన్నిటికంటే ముఖ్యమైన చిట్కా ఇదే, జాగ్రత్తగా వినండి. అరెస్టు చేసినప్పుడే అక్కడే మెమో రాయాలని 36వ సెక్షను. ఇంటివాళ్లలో ఒకరు గానీ, ఊళ్లో పెద్దమనిషి ఒకరు గానీ సాక్షి సంతకం పెట్టాలి, పట్టుబడినవాడూ పెట్టాలి. రైటర్ గారు కాగితం ముందుకు తోసి ‘ఇక్కడొకటి, ఇక్కడొకటి పెట్టెయ్యండి’ అంటారు. తేదీ, సమయం రాయాల్సిన చోట గీత ఒకటే ఉంటుంది. అది అలాగే ఉండనివ్వండి. మర్యాదస్తులు ఖాళీల గురించి అడగరు.

ఆ గీత మీద ఏముంటుందో దాన్నిబట్టే మిగతాదంతా నడుస్తుంది. పట్టుకున్న 24 గంటల్లో, ప్రయాణానికి పట్టే సమయం తీసేసి, మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం చెప్తోంది, సంహిత 58వ సెక్షనూ చెప్తోంది. శనివారం సాయంత్రం తీసుకెళ్లినవాడికి సోమవారం పొద్దున అరెస్టు అని రాసుకుంటే గడియారం సోమవారమే మొదలవుతుంది. మధ్యలో రెండు రాత్రులు మనవాడు ఎక్కడున్నాడో ఏ కాగితమూ చెప్పదు. ఆ రెండు రాత్రుల్లో ఒంటి మీద ఏ దెబ్బ పడినా ముందునుంచీ ఉన్నదే అవుతుంది. అడిగేవాళ్లు లేరు, చెప్పాల్సిన పనీ లేదు. మీ సంతకం అంత పని చేస్తుంది.

ఇంటికొచ్చాక ఆ మెమో నకలు ఫోటో తీసుకోలేదే అని ఎవరైనా అంటే ‘చార్జింగు లేదు’ అనండి.

4. కొత్త నంబరు నుంచి ఫోనొస్తే ఎత్తకండి.

అరెస్టయినవాడు చెప్పిన బంధువుకో స్నేహితుడికో వెంటనే తెలియజేయాలని 48వ సెక్షను. ఆ బంధువు మీరే. ఫోను మోగుతూనే ఉంటుంది, మోగనివ్వండి. ‘చేశాం, ఎత్తలేదు’ అని వాళ్లు రాసుకుంటారు, వాళ్లకీ ఇబ్బంది లేదు.

5. ఉచితంగా వచ్చేదాన్ని నమ్మకండి, డబ్బు పెట్టండి.

బెయిలు ఇవ్వదగ్గ నేరమైతే పూచీకత్తు మీద వదలడం 478వ సెక్షను కింద హక్కు. కస్టడీలో ఉన్నవాడికి, ఎంత ఆదాయమున్నా, 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం కింద లాయర్ని ఉచితంగా ఇస్తారు. ఫోను నంబరు 15100. ఆ నంబరు మీ ఫోనులో ఉంటే తీసేయండి. హక్కుగా వచ్చినదానికి ఊళ్లో విలువుండదు. రావులపాలెంలో ‘నాకు లోపలివాళ్లు తెలుసు’ అనే మనిషిని పట్టుకోండి. రసీదు అడగకండి, నొచ్చుకుంటాడు. గాజులు తాకట్టు పెట్టాల్సొస్తే పెట్టండి. పొద్దున స్టేషన్ బెయిలు ఎలాగూ వస్తుంది, అతనే తెచ్చాడని నలుగురికీ చెప్పండి. మళ్లీసారికి అతని రేటు పెరుగుతుంది, అంటే మీకు తెలిసినాయన పెద్దవాడవుతున్నాడన్నమాట.

ఇంకో మాట. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో చాలావాటికి ముందు నోటీసు ఇస్తారు. 41ఏ అని మనవాళ్లు ఇప్పటికీ అనేది అదే, కొత్త చట్టంలో 35(3). హాజరవుతున్నంత కాలం మామూలుగా అరెస్టు చేయరు. ఆ నోటీసు తీసుకోకుండా చేలోకి వెళ్లిపోండి. అప్పుడు అరెస్టు చేయడానికి వాళ్లకి కారణం దొరుకుతుంది.

6. ఎఫ్ఐఆర్ నంబరు కనుక్కోకండి.

2016 సెప్టెంబరు 7న సుప్రీంకోర్టు ఎఫ్ఐఆర్‌లు 24 గంటల్లో నెట్‌లో పెట్టాలని చెప్పింది. సిగ్నల్ అందని చోట్ల 72 గంటల దాకా గడువిచ్చింది. అత్యాచారం, పిల్లల మీద లైంగిక నేరాలు, ఉగ్రవాదం వంటి సున్నితమైన కేసులు మినహాయింపు. అలా ఆపాలన్నా డీఎస్పీకి తగ్గని అధికారి నిర్ణయించాలి. పెట్టకపోతే ఎస్పీకి అర్జీ పెట్టుకోవచ్చు. మన రాష్ట్రంలో 2020 నుంచి ‘ఏపీ పోలీస్ సేవ’ యాప్ కూడా ఉంది. నంబరు ఒకసారి చేతికొచ్చిందంటే మీ లాయరు గారు ఏ సెక్షనో చూసేస్తారు, మీరు చెప్పిన గంజాయి కథ తేలిపోతుంది. నంబరు లేకుండా పంపండి. ఆయన ఆలమూరు, కొత్తపేట, రామచంద్రపురం తిరిగి కనుక్కుంటారు, ఫీజు మీద ఫీజు పడుతుంది.

ఎఫ్ఐఆరే దొరకనివ్వని మనం చార్జిషీటు మాత్రం నెట్‌లో పెట్టాలని పోట్లాడదాం. అది పబ్లిక్ డాక్యుమెంటు కాదని 2023 జనవరి 20న సుప్రీంకోర్టే తేల్చేసింది. రాని దాని కోసం అరిస్తే వచ్చేదాన్ని అడగలేదని ఎవరూ అనరు.

7. సమాచార హక్కు దరఖాస్తు తప్పకుండా పెట్టండి, తిరిగొచ్చేట్టు పెట్టండి.

‘మీ స్టేషన్ పెట్టినప్పటినుంచి జరిగిన అరెస్టులన్నిటి వివరాలు, కారణాలు, మీ అభిప్రాయం తెలుపగలరు’ అని రాయండి. ఒక తేదీ, ఒక పేరు, ఒక రికార్డు అని గుచ్చి అడిగితే ఇచ్చేస్తారు, అంత దూరం పోనివ్వకండి. మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆ పైన పది. ఆ ఫీజు జత చేయకండి. మనిషి స్వేచ్ఛకి సంబంధించిన సమాచారం 48 గంటల్లో ఇవ్వాలన్న 7(1) మాట ఎక్కడా ఎత్తకుండా నెల రోజులు ఎదురుచూడండి.

‘దర్యాప్తుకు ఆటంకం, 8(1)(హెచ్)’ అని జవాబొస్తే నెత్తిన పెట్టుకోండి. దర్యాప్తు నడుస్తోందన్న ఒక్క కారణం చాలదని, ఎలా ఆటంకమో చూపాలని 2007లో ఢిల్లీ హైకోర్టు భగత్ సింగ్ కేసులో చెప్పిన సంగతి మీకు తెలియనట్టే ఉండండి. ‘వ్యక్తిగత సమాచారం’ అని తిప్పి పంపినా అంతే. డేటా రక్షణ చట్టం వల్ల 2025 నవంబరు నుంచి ఆ మినహాయింపు ఇంకా పెద్దదైంది. ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చనే 8(2) ఇంకా చెక్కుచెదరలేదు, దాని ఊసెత్తకండి. మొదటి అప్పీలుకి 30 రోజులు గడువుంటుంది. ముప్పై ఒకటో రోజున గుర్తు తెచ్చుకోండి.

8. బోర్డు మీదికి రాకముందే వాట్సాప్‌లోకి రావాలి.

ఊరి గ్రూపులో ఫోటో ముందు మీదే పడాలి. పేరు, ఇంటిపేరు, కులం, వీధి అన్నీ పెట్టండి. కుర్రాడికి పద్దెనిమిది నిండాయో లేదో చూడకండి. బాలనేరస్థుల వివరాలు బయటపెడితే ఆరు నెలల దాకా జైలు గానీ, రెండు లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడతాయి, అంటే మీరూ రికార్డులకి ఎక్కుతారు. తర్వాత పొరపాటున తెచ్చారని వదిలేస్తే ఆ సంగతి పెట్టకండి, పండగ పూట ఎవరూ చదవరు.

డల్లాస్‌లో ఉన్న అబ్బాయి ఉదాహరణ చెప్పి సమర్థించుకోండి. అమెరికాలో చాలా కౌంటీల్లో షెరీఫ్ ఆఫీసే అరెస్టయినవాళ్ల ఫోటోలు నెట్‌లో పెడుతుంది. వాటిని ఎత్తి తమ సైట్లలో వేసుకుని, తీసేయడానికి డబ్బు గుంజిన వ్యాపారులూ అక్కడున్నారు. జార్జియా 2013లో, కాలిఫోర్నియా 2014లో అలా గుంజడాన్ని ఆపుతూ చట్టాలు చేశాయి. ఆ రెండో సగం చెప్పకండి. మొదటి సగం చాలు.

9. అంతా ఫోనులోనే ఉంచండి, కాగితం మీద ఏదీ రాసుకోవద్దు.

2022 మే 24న జిల్లా పేరు మార్పు మీద గొడవల్లో అమలాపురం తగలబడ్డాక మన కోనసీమలో రోజుల తరబడి నెట్ ఆపేశారు. సీసీ కెమెరాలు, వీడియోలు చూసి వంద మందికి పైగా కుర్రాళ్లని అరెస్టు చేశారు. యాప్ తెరుచుకోదు, గ్రూపు కదలదు. అలాంటి రోజున స్టేషన్‌కి నడిచి వెళ్లి గోడ చూసుకోవాలి, తేదీ వేసి పుస్తకంలో రాసుకోవాలి, జీపు ఎన్నింటికొచ్చిందో ఇరుగుపొరుగు చేత రాయించుకోవాలి. మన వీధిలో ఒక తల్లి అలా క్యాలెండరు వెనక రాసుకుందనుకోండి, ఎప్పుడైనా కోర్టులో సమయం గురించి ప్రశ్న వస్తే ఆ క్యాలెండరే చూపిస్తుంది. మీకెందుకా తంటా? నెట్ వచ్చేదాకా పడుకోండి.

10. వాయిదా తేదీ లాయరు గారికే తెలియాలి, మీకు కాదు.

ఈ-కోర్టుల సైట్లో స్టేషన్ పేరు, ఎఫ్ఐఆర్ నంబరు కొడితే కేసు ఎక్కడుందో, వాయిదా ఎప్పుడో ఎవరైనా చూడొచ్చు. ఆరో చిట్కా సరిగ్గా పాటించినవాళ్ల దగ్గర నంబరే ఉండదు కాబట్టి ఆ బెడద లేదు. ఒక వాయిదా తప్పుతుంది, రెండోది తప్పుతుంది, మూడోసారికి నాన్‌బెయిలబుల్ వారంటు వస్తుంది. ఈసారి స్టేషన్ బెయిలు ఉండదు, రావులపాలెం మనిషి ఫోనెత్తడు, పూచీకత్తు ఇచ్చిన మామయ్యకి కూడా నోటీసు వెళ్తుంది. ఆయన ఎలాగూ మీ ఇంటికే వస్తారు, కుర్చీ వేసి కూర్చోబెట్టండి.