వేలిముద్ర సెన్సారు వారి సముఖమునకు బందరు నుంచి ఒక అర్జీ

మహారాజశ్రీ వేలిముద్ర సెన్సారు వారి సముఖమునకు,

మచిలీపట్నం కోనేరు సెంటరు దరిదాపుల నివాసి, ఒక మొబైలు ఫోను యజమాని (తమరు ఒప్పుకుంటే) నమస్కరించి వ్రాసుకొను విన్నపము.

విషయం: నా బొటనవేలు నాదేనని ధ్రువీకరించవలసిందిగా ప్రార్థన.

ఆర్యా,

ఈ ఊరికి అధికారులు కొత్త కాదు. 1611లో ఇంగ్లీషు కంపెనీవాళ్లు ఇక్కడ దిగారు. అంతకుముందే డచ్చివాళ్లు, ఆ తర్వాత ఫ్రెంచివాళ్లు. ఇప్పుడు వాళ్లెవరూ లేరు. వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం అని పేటల పేర్లు మిగిలాయి. నవాబుల కచేరీ చూశాం, కలెక్టరు హుజూరూ చూశాం. ఏ దొరా పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా అస్తమానం ‘నువ్వు నువ్వేనా’ అని అడగలేదు. ఆ ఘనత తమరిది. పోనీ చెబితే నమ్ముతారా అంటే అదీ లేదు. ఒకసారి జుయ్యిమని వణికి, ‘సరిపోలలేదు, మళ్లీ ప్రయత్నించండి’ అని నామంజూరు చేస్తారు. కారణం రాయరు. తహసీల్దారాఫీసు వాళ్లయినా ‘జతపరచిన కాగితాలు చాలవు’ అని ఒక ముక్క రాస్తారు కదండీ!

తమరి శాఖలో మూడు వర్గాలున్నాయని విన్నాను. పక్క బటనులో కొలువుండేవారు వేలి గీతల మిట్టపల్లాలను విద్యుత్తు తేడాతో కొలుస్తారు. తెర కింద ఉండేవారిలో కొందరు తెర వెలుగులోనే వేలికి ఫోటో తీస్తారు. ఖరీదైన ఫోన్లలో ఉండే మూడో వర్గం మనిషి చెవికి అందని ధ్వని తరంగాలు పంపి, తిరిగొచ్చిన దాన్నిబట్టి గీతల లోతు లెక్కగడుతుంది. దారులు వేరైనా కోరేది ఒకటే. నమోదు రోజున చూపించిన చర్మాన్నే ఇవాళా చూపించాలి.

చిక్కల్లా అక్కడే ఉంది. తల్లి కడుపులో ఆరో నెలకల్లా వేలి గీతలు ఖరారైపోతాయి, నిజమే. ఆ గీతలు మోసే పైచర్మం మాత్రం ఏ రోజు పని ఆ రోజు చెప్పినట్టు నడుచుకుంటుంది. నవంబరు వానల్లో బందరు ఇళ్లలో ఉప్పు డబ్బా ఎలా చెమ్మగిల్లుతుందో మా వేళ్లూ అలాగే చెమ్మగిల్లుతాయి. గీతల మధ్య సందులన్నీ నీటితో నిండి తమరికి ఒక మచ్చ మాత్రమే కనబడుతుంది. ఎండాకాలం వడగాలికి వేలు ఎండిపోతే గీత ముక్కలు ముక్కలై కనబడుతుంది. ఇవి వాతావరణం తెచ్చే చిక్కులు, సరే. అసలు సంగతి పని.

తమరు ఒకసారి పెడన దయచేయాలి. అద్దకం పనివాళ్లని చూడాలి. గుడ్డని కరక్కాయ నీళ్లలో తడపడం, ఇనుప తుక్కూ బెల్లమూ పులియబెట్టి చేసిన నలుపు, పటికతో ఎరుపు ఒక్కో అచ్చుతో అద్దడం, అచ్చు మీద పిడికిలితో గుద్దడం, ఉడకబెట్టడం, పారే నీళ్లలో జాడించడం, అంతా చేతుల మీదే. ఒక అచ్చు పక్కన ఇంకో అచ్చు గీత తప్పకుండా పడుతుంది వాళ్లకి. దేశదేశాలకి కలంకారీ గుడ్డలు పంపిన ఆ వేళ్లకి తమరి దగ్గర సొంత అచ్చే పడదు. చిలకలపూడి వెళితే గిల్టు నగల పనివాళ్లు కనబడతారు. ఆసిడ్లు, పాలిషు చక్రాలు రోజూ తగిలే వేలి కొసలవి. రొయ్యల షెడ్లలో తలలు తీసే ఆడవాళ్ల చేతులు ఐసు నీళ్లలో నానుతాయి, రొయ్య కొమ్ముకి గాట్లు పడతాయి. నానిన వేలి ముడతలు చర్మం ఉబ్బడం వల్ల వచ్చేవి కావట. నరాలు రక్తనాళాలను బిగించడం వల్ల వస్తాయట. అంటే తుడుచుకున్నంత మాత్రాన పోవు, కాసేపు ఆగాలి. షెడ్డు గేటు దాటగానే ఆటో కోసం ఫోను తీసే మనిషికి ఆ కాసేపు ఎక్కడిది? గుడివాడలో ఇల్లు కట్టే తాపీ మేస్త్రి వేళ్లను సిమెంటులోని క్షారం తినేస్తుంది. గిలకలదిండిలో వలతాడు లాగేవాళ్లకీ, నాగాయలంకలో పీతలు పట్టేవాళ్లకీ, నాట్లేసే వాళ్లకీ ఇదే కథ.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. అరిగిన గీతలు పోయినట్టు కాదు, వాటి మూలం లోపలి చర్మంలో ఉంది. కొన్నాళ్లు పని మానేస్తే మళ్లీ పైకి వస్తాయి. మరి ఏం చేయమంటారు, పని మానుకుని ఫోను తెరుచుకోమంటారా?

తమరి అనుగ్రహం కోసం చేయగల సేవలన్నీ చేశామని కూడా మనవి చేసుకుంటున్నాను. ముందు తమరి ముఖం మెత్తని పొడిగుడ్డతో తుడిచాం. నూనె మరక, పిండి మరక చాలు తమరు అలగడానికి. తర్వాత వేలు తుడిచాం. ఎండాకాలమైతే కొబ్బరినూనె చుక్క రాసి, మళ్లీ పొడిగా తుడిచాం. ఆ తర్వాత స్క్రీన్ గార్డు. షాపులో మందపాటి టెంపర్డ్ గ్లాసు అంటిస్తే దానికీ తెరకీ మధ్య గాలి చిక్కుతుంది. ధ్వని తరంగాల వర్గం వారికి ఆ గాలి గోడే. ఫోటో తీసే వర్గం వారికి పక్కవాళ్లకి కనబడకుండా చేసే ప్రైవసీ గ్లాసు పడదు, ఎదురెండా పడదు. కాబట్టి గ్లాసు మార్చి, సెట్టింగుల్లో టచ్ సున్నితత్వం పెంచి, అప్‌డేట్లు వేసి, పాత ముద్రలన్నీ తీసేసి కొత్తగా నమోదు చేశాం.

ఆ నమోదులోనే అసలు కిటుకు ఉంది. ఫోను కొన్న రోజున షాపు కుర్రాడు ‘ఇలా నొక్కండి, ఇలా నొక్కండి’ అంటూ అరనిమిషంలో ముగించేస్తాడు. కొత్త ఫోను కొనడానికి మనిషి తీరికగా, స్నానం చేసి, చేతులు శుభ్రంగా పెట్టుకుని వెళతాడు కదా. తమరు ఆ పండగపూట వేలిని గుర్తుంచుకుని, పనిరోజు వేలిని పరాయిదంటారు. అందుకని నమోదు సాయంత్రం, పని దిగాక చేసుకోవాలి. బొటనవేలి నడుమే కాకుండా కొస, రెండు అంచులు, ఫోను పట్టుకున్నప్పుడు సహజంగా ఆనే ఏటవాలు, అన్నీ చూపించాలి. కొన్ని ఫోన్లలో ఒకే వేలిని రెండు పేర్లతో రెండుసార్లు నమోదు చేయవచ్చు. పొడిగా ఉన్నప్పుడొకటి, చెమ్మగా ఉన్నప్పుడొకటి. పనికి తక్కువ లొంగే ఎడమచేతి ఉంగరపు వేలిని కూడా చేర్చుకుంటే మేలు. ఇవన్నీ చేశాక తమరు కొంత దయ చూపిన మాట వాస్తవం. అద్దకం పని మొదలైతే మళ్లీ మామూలే.

ఇక తమరి చట్టం గురించి. ఆండ్రాయిడ్ ఫోన్లకు గూగుల్ పెట్టిన నిబంధనల్లో రెండు అంకెలున్నాయి. పరాయి వేలిని పొరపాటున లోపలికి రానివ్వడం 0.002 శాతానికి మించకూడదు, అంటే యాభై వేలల్లో ఒకటి. ఇది తప్పనిసరి. అసలు యజమానిని పొరపాటున బయట నిలబెట్టడం పది శాతం లోపు ఉండాలి. ఇది గట్టి సిఫారసు మాత్రమే. దొంగ విషయంలో శాసనం, యజమాని విషయంలో సలహా! దొంగని ఆపడమే ముఖ్యమన్నది నాకూ సమ్మతమే. ఫోనులో డబ్బుంది, మాటలున్నాయి, ఫోటోలున్నాయి. కానీ ఆ పది శాతం అనేది సగటు. పదిమందికి సమానంగా పంచిన అసౌకర్యమైతే ఎవరూ నోరెత్తరు. అది అలా పడదు. కీబోర్డు మీద పనిచేసేవాడి వేలు ఏడాది పొడుగునా తెరుచుకుంటుంది, రొయ్యల షెడ్డు మనిషి వేలు రోజూ తిరస్కరణకి గురవుతుంది. లెక్కల పుస్తకంలో రెండూ కలిపి ‘సంతృప్తికరం’ అని రాసుకుంటారు. తప్పిన ప్రతిసారీ ఒకే వర్గం వాళ్ల మీద తప్పడాన్ని పొరపాటు అనడానికి నాకు నోరు రావడం లేదు.

ఫోను విషయంలో నష్టం చిన్నదే. అయిదుసార్లు కాదంటే కనీసం ముప్పై సెకన్లు ఆపుతారు, ఈలోగా పిన్ కొట్టుకుంటాం. తమరి అన్నగారు రేషన్ షాపులో ఉన్నారు. 2015లో ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పాస్ యంత్రాలు వచ్చాక బియ్యం సంచికీ మనిషికీ మధ్య ఆయనే కూర్చున్నారు. అక్కడ ‘సరిపోలలేదు’ అంటే ఆటో తప్పిపోవడం కాదు, కూలి మానుకుని రేపు మళ్లీ రావడం. ఆధార్ సంస్థ 2017 అక్టోబరులో ఒక సర్క్యులర్ ఇచ్చింది. వేలిముద్ర పడలేదన్న కారణంతో రేషన్ ఆపకూడదు, కనుపాప, ఓటీపీ లాంటి దారులు చూడాలి, అవీ కుదరకపోతే వేరే విధంగా మనిషిని నిర్ధారించుకుని ఇవ్వాలి అన్నది దాని సారం. ఆ కాగితం సంగతి క్యూలో నిలబడ్డ ముసలమ్మకి ఎవరు చెబుతారు?

తమరి వంశచరిత్ర కూడా కొంచెం తిరగేశాను. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే తెల్ల అధికారి, కంకర తోలే ఒప్పందం మీద రాజ్యధర కొనాయి చేత అరచేతి ముద్ర వేయించుకున్నాడు. రేపు ‘ఆ సంతకం నాది కాదు’ అనకుండా బెదిరించడానికే. 1877లో హుగ్లీలో అదే దొర పెన్షన్లు తీసుకునేవాళ్ల చేత ముద్రలు వేయించాడు, చనిపోయినవాళ్ల పేరున ఎవరో డబ్బు పట్టుకుపోకుండా. 1897లో కలకత్తాలో ముద్రల ఆఫీసు పెట్టారు. వాటిని వర్గాలుగా విడదీసే పద్ధతికి లెక్క కట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అనే ఇద్దరు మన పోలీసు ఉద్యోగులు. పేరు మాత్రం పైఅధికారి హెన్రీ గారిది. మొదటి నుంచీ తమరి కొలువు అనుమానం మీదే నడుస్తోందని దీన్నిబట్టి తెలుస్తోంది.

అయినా ఆ కాలంలో ఒక మర్యాద ఉండేది. మా కృష్ణా జిల్లాలో ప్రోనోటు మీద వేలిముద్ర వేస్తే పక్కన ‘ఫలానావారి నిశానీ’ అని రాసి సాక్షి సంతకం చేసేవాడు. 1923లో ఆంధ్రా బ్యాంకు పుట్టిన ఊరండీ ఇది. కాగితం విలువ, చేవ్రాలు విలువ తెలియని ఊరు కాదు. ముద్ర సరిగ్గా పడకపోతే గుమస్తా మళ్లీ సిరా పూసి వేయించేవాడు. ఎదురుగా ఉన్న మనిషి ముఖం చూసేవాడు. వేలిని ఎప్పుడూ ఒంటరిగా నిలబెట్టలేదు. సాక్షిని బర్తరఫ్ చేసి వేలి మీదే భారమంతా వేసింది తమరి హయాములోనే.

పోనీ, ఆ కరకుదనం దొంగల మీదైనా ఉందా? 2013 సెప్టెంబరులో ఆపిల్ తన ఐఫోన్ 5ఎస్‌కి వేలిముద్ర పెట్టింది. అమ్మకాలు మొదలైన కొద్దిరోజులకే జర్మనీలోని కేయాస్ కంప్యూటర్ క్లబ్ వాళ్లు గ్లాసు మీద పడ్డ ముద్రని ఫోటో తీసి, నకలు వేలు చేసి తెరిచేశారు. 2019లో శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్10 మీద కొన్నిరకాల సిలికాన్ కవర్లు వేస్తే ఎవరి వేలికైనా తెరుచుకుంది. కంపెనీ సాఫ్ట్‌వేర్ సరిచేసి పంపాల్సి వచ్చింది. మన తెలుగు నేల మీది సంగతి ఇంకా ఘనం. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోని భూమి దస్తావేజుల నుంచి వేలిముద్రలు దించి, రబ్బరు ముద్రలు తయారుచేసి, వాటితో వేల సిమ్ కార్డులు తెరిపించాడని పోలీసులు పట్టుకున్నారు. రబ్బరు వేలు పాసైంది. పెడన వేలు ఫెయిలైంది.

కనుక తమరిని వేడుకునేవి ఇవి. కాదన్నప్పుడు ఎందుకు కాదంటున్నారో తెలుగులో చెప్పండి: తడి ఎక్కువైంది, పొడిబారింది, అంచు ఆనింది, గ్లాసు అడ్డొచ్చింది. ఇందులో కొన్ని తమరికి తెలుసు, కొన్ని ఫోన్లలో ఇప్పటికే చెబుతున్నారు కూడా. తమరి పరీక్షలు జరిపేటప్పుడు చల్లని గదుల్లో కూర్చునేవాళ్ల వేళ్లతో పాటు రొయ్యల షెడ్ల వేళ్లు, తాపీ పని వేళ్లు, డెబ్భై దాటిన వేళ్లు కూడా పిలిపించండి. వర్గంవారీగా ఎంతమందిని బయట నిలబెట్టారో ఆ లెక్క ప్రకటించండి. ఇక సాక్షిని తిరిగి కొలువులో పెట్టండి. ఫోనులో పిన్నే ఆ సాక్షి. రేషన్ షాపులో కనుపాప, ఓటీపీ, ఆ మనిషిని చిన్నప్పటి నుంచీ ఎరిగిన పక్కింటివాళ్లు.

ఈ అర్జీ నకలు చదువుతున్నవారికి కూడా ఒక మాట. ఫోను ఆగి మళ్లీ మొదలైతే సెన్సారు వారు పనిచేయరు, పిన్ కొట్టి తీరాలి. చాలా ఫోన్లలో రెండు మూడు రోజులకోసారి కూడా పిన్ అడుగుతారు. తుపాను హెచ్చరిక వచ్చి, కరెంటు పోయి, ఫోను ఛార్జి అయిపోయి మళ్లీ లేచే రోజున దివిసీమలో ఒంటరిగా ఉన్న మీ అమ్మకి ఆ అంకెలు గుర్తుండాలి. వేలిముద్ర అలవాటు పడినవాళ్లు పిన్నే మర్చిపోతారు. ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్ల ఫోను ఒకసారి చేతిలోకి తీసుకోండి. వాళ్లు పని దిగాక, ఆ పనిచేతులతోనే వేళ్లు కొత్తగా నమోదు చేయించండి. పిన్ వాళ్ల చేతే నాలుగైదుసార్లు కొట్టించండి. రేషన్ షాపుకి తోడు వెళ్లగలిగితే వెళ్లండి. యంత్రం కాదంటే ‘ఓటీపీ చూడండి, కనుపాప చూడండి’ అని గట్టిగా అడగండి.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరు గుర్తుపట్టని విధేయుడు,
మచిలీపట్నం