జీవితకాలపు సీలుకు భాష్యం

అమెరికా శివారు పట్టణాలలో ఇంటి చుట్టూ పెంచిన పచ్చికను కోయడానికి, మనిషి ఎక్కి కూర్చుని నడిపే కోతబండ్లు కొన్నవారికి బండితో పాటు అందే పుస్తకంలో ఒక వాక్యం తరచుగా కనిపిస్తుంది. ఇంజను నూనె ఎన్ని గంటలకు మార్చాలో, బ్లేడుకు ఎప్పుడు సాన పట్టాలో, టైర్లలో గాలి ఎంత ఉండాలో పూసగుచ్చినట్టు చెప్పే ఆ పుస్తకం, చక్రాలను తిప్పే ట్రాన్స్‌మిషన్ దగ్గరికి వచ్చేసరికి ఉన్నట్టుండి వేదాంతంలోకి దిగి, దానికి జీవితకాలానికి సరిపడా సీలు వేశామనీ, అది ఎవరి సేవలూ కోరదనీ ప్రకటించి మౌనం వహిస్తుంది. సూత్రం ఎంత పొట్టిదైతే భాష్యం అంత పొడుగు కావాలన్నది మన శాస్త్రకారుల ఆనవాయితీ కాబట్టి, ఈ సూత్రానికి కూడా భాష్యం ఒకటి అవసరమైంది. అది ఇప్పటికే ఎన్నో ఇళ్ళ గ్యారేజీలలో, నేల మీద పరిచిన అట్టముక్కల పైన, నల్లటి నూనె మరకల లిపిలో తయారవుతూనే ఉంది.

సూత్రంలో మొదట తేల్చవలసిన పదం ‘జీవితకాలం’. అది యజమాని జీవితకాలం కాదని అందరికంటే ముందు యజమానికే తెలిసివస్తుంది. బండి జీవితకాలమూ కాదు, ఎందుకంటే ఇంజను ఇంకా ఒక్క తిప్పుకే అందుకుంటూ, బ్లేడు చక్కగా కోస్తూ, సీటు మాత్రమే కాస్త చిరిగివున్న దశలో ఈ ఒక్క భాగం కాలం చేయడం సర్వసాధారణం. ఇక మిగిలింది ట్రాన్స్‌మిషన్ సొంత జీవితకాలం: అంటే అది పనిచేసినంతకాలం పనిచేస్తుంది, ఆగిన రోజున దాని జీవితకాలం ముగిసినట్టు. ఒక విషయాన్ని స్థాపించడానికి ఆ విషయాన్నే ఆధారంగా చూపడాన్ని మన తార్కికులు ఆత్మాశ్రయ దోషం అన్నారు. పాపం, వాళ్ళు దాన్ని దోషంగానే చూశారు గానీ, అమ్మకానికి పనికివచ్చే గుణంగా గుర్తించలేకపోయారు. ఈ నిర్వచనం ప్రకారం లోకంలో అల్పాయుష్షుతో పోయినవాడు ఒక్కడూ ఉండడు. ప్రతివాడూ నిండు నూరేళ్ళు, అనగా తనకు పడిన నూరేళ్ళు, బతికే పోయాడు. అదే పుస్తకం చివరి పేజీలలోని హామీపత్రం చూస్తే భాష్యకారుడి పని మరింత తేలికవుతుంది. పేరున్న ఒక కంపెనీ తన చవక తరగతి బండ్లకు ఇచ్చే పూచీ రెండేళ్ళు లేదా 120 గంటలు, రెండింటిలో ఏది ముందు పూర్తయితే అది. 120 గంటలంటే ఐదు పగళ్ళు, ఐదు రాత్రులు. వెనకటికి తెలుగువారి ఇళ్ళలో పెళ్ళి ఒక్కటే అంతసేపు జరిగేది. దీర్ఘాయురస్తు అని అక్షింతలు చల్లిన చేయి, సంతకం పెట్టవలసి వచ్చేసరికి అప్పగింతల దాకానే బాధ్యత అంటోంది.

ఇంతటి ఆశీర్వచనానికి నోచుకున్న ఈ హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్ అనేది, గేర్లు మార్చే పని లేకుండా, నూనె ఒత్తిడి ద్వారా ఇంజను శక్తిని చక్రాలకు చేరవేసే ఏర్పాటు. అందులో ఇంజను బెల్టు ఎడతెగకుండా తిప్పే పంపు ఒకటి ఉంటుంది: రివాల్వరులో తూటాలు కూర్చునే చక్రంలా చుట్టూ రంధ్రాలున్న లోహపు దిమ్మ, ఒక్కో రంధ్రంలో స్ప్రింగు మీద కూర్చున్న చిన్న పిస్టను, ఆ పిస్టన్ల తలలు ఆనుకునేందుకు ఎటైనా వాలగల ఒక పళ్ళెం. ఈ పళ్ళేన్నే స్వాష్‌ప్లేట్ అంటారు. పళ్ళెం ఏ వైపూ వాలకుండా ఉన్నంతసేపు దిమ్మ ఎంత తిరిగినా పిస్టన్లు లోపలికీ బయటికీ కదలవు, నూనె పారదు, బండి నిలబడి ఉంటుంది. పెడలు తొక్కినప్పుడు పళ్ళెం వాలుతుంది, ప్రతి పిస్టనూ అరచుట్టులో నూనెను పీల్చి మిగతా అరచుట్టులో తోస్తుంది, ఆ తోపుడుకు పక్కనే ఉన్న, వాలు మారని మరో దిమ్మ మోటారుగా తిరిగి, పళ్ళచక్రాల మీదుగా ఇరుసును తిప్పుతుంది. పళ్ళేన్ని అవతలి వైపు వాల్చితే ప్రవాహం ఎదురు తిరిగి బండి వెనక్కి నడుస్తుంది. 20వ శతాబ్దపు తొలి దశకంలో రేనాల్డ్ జానీ అనే అమెరికన్ ఇంజనీరు నూనెతో నడిచే ఇటువంటి పంపునూ మోటారునూ జతకూర్చినప్పుడు, ఆ విద్యకు దొరికిన తొలి కొలువులలో ఒకటి యుద్ధనౌకల మీద ఫిరంగులను తిప్పడం; 1960ల మధ్యకల్లా అది ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వారి కబ్ క్యాడెట్ 123 అనే తోట ట్రాక్టరులోకి దిగింది. శత్రునౌకల మీదికి గురిపెట్టిన విద్య గడ్డిపరకల మీదికి మళ్ళింది. ఆ గడ్డి కూడా తక్కువదేమీ కాదు: 2005లో క్రిస్టినా మిలేసీ బృందం ఉపగ్రహ చిత్రాల ఆధారంగా వేసిన అంచనా ప్రకారం అమెరికాలో ఇటువంటి పచ్చిక విస్తీర్ణం సుమారు 1,63,800 చదరపు కిలోమీటర్లు, అంటే ఇంచుమించు నేటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంత, అందులో ఒక్క గేదె కూడా మేయదు.

ఈ యంత్రానికి ప్రాణం నూనెలో ఉంది, మరణమూ నూనెలోనే ఉంది. పిస్టనుకూ దాని రంధ్రానికీ మధ్య ఉండే సందు వెంట్రుక మందం కంటే బాగా సన్ననిది. ఆ సందును మూసి ఉంచేది రబ్బరు కాదు, నూనె పొరే. చవక బండ్లలో పంపు, మోటారు, పళ్ళచక్రాలు, కొన్నిటిలో బ్రేకు పలకలు కూడా ఒకే డబ్బాలో, ఒకే నూనెలో ఉమ్మడి కాపురం చేస్తాయి. పళ్ళచక్రాలు ఒరుసుకున్నప్పుడు రాలే ఉక్కు పొడి, పలకల నుంచి రాలే మసి ఆ నూనెలోనే కలిసి, ఆ సన్నని సందులలోకే ప్రయాణిస్తాయి. ఒక చిన్న అయస్కాంతమూ, ఒక సన్నటి జల్లెడ ఫిల్టరూ ఈ ఉమ్మడి సంసారంలో పెద్దరికం వహించి సర్దిచెప్పుకుంటూ వస్తాయి గానీ, వాటి ఓపికకూ హద్దు ఉంటుంది. క్రమంగా దిమ్మ మీద గీతలు పడతాయి, సందు పెరుగుతుంది, ఒత్తిడిగా చక్రాలకు చేరవలసిన నూనె పక్కదారిన డబ్బాలోకి జారిపోతుంది. రోగలక్షణం ఎక్కడైనా ఒకటే: పొద్దున చల్లగా ఉన్నప్పుడు బండి గుర్రంలా పరుగెత్తుతుంది, అరగంట కోశాక నూనె వేడెక్కి పలుచబడేసరికి మిట్ట దగ్గర మొండికేస్తుంది, ఇంజను మాత్రం ఏమీ ఎరగనట్టు గర్జిస్తూనే ఉంటుంది. సాయంత్రానికి చల్లబడ్డాక మళ్ళీ బుద్ధిగా షెడ్డుకు నడిచివచ్చే ఈ బండిని చూసి, పొద్దుటి జబ్బు భ్రమేమోనని యజమాని మరో ఏడాది గడిపేయడం కూడా ఆ రోగలక్షణాలలో భాగమే.

జీవితకాలపు నూనె అనే సిద్ధాంతానికి అసలు పరీక్ష ఖరీదైన బండి దగ్గర ఎదురవుతుంది. రోజంతా పచ్చిక కోసి బతికే వృత్తిదారుల కోసం తయారైన పెద్ద బండ్లలో కూడా ఇదే పంపు, ఇదే మోటారు, ఇదే వాలు పళ్ళెం. కానీ వాటి పుస్తకాలు తొలి వంద గంటల లోపే ఒకసారి నూనే ఫిల్టరూ మార్చమనీ, ఆపైన కొన్ని వందల గంటలకు ఒకసారి మార్చుతూ ఉండమనీ గట్టిగా చెబుతాయి, ఎందుకంటే కొత్త భాగాలు ఒకదానికొకటి అలవాటు పడే తొలి గంటలలోనే లోహపు పొడి ఎక్కువగా రాలుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాలలో వరి మళ్ళలోకి దిగే ట్రాకు హార్వెస్టర్లలోనూ ఇదే హైడ్రోస్టాటిక్ విద్య పనిచేస్తోంది. గంటకు ఇంత అని బాడుగ తెచ్చే యంత్రం కాబట్టి దాని నూనెకు జీవితకాలపు వరం ఎవరూ ఇవ్వలేదు, గంటల లెక్క మాత్రమే ఇచ్చారు. కాబట్టి తేలేదేమిటంటే గొప్పింటి నూనె అల్పాయుష్షుది, పేదింటి నూనె చిరంజీవి. చవక బండిలోని నూనెకు ఏ అశ్వత్థామ అంశ సంక్రమించిందో, పది లక్షణాలలో తొమ్మిది సమానమైన రెండు యంత్రాలలో ఒకటి మానవమాత్రంగానూ మరొకటి దేవాంశగానూ ఎలా పుట్టిందో రసాయనశాస్త్రం చెప్పలేదు. ధరల పట్టిక మాత్రం చెబుతుంది. ఫిల్టరుకు బయట ఒక గూడు, అడుగున ఒక బోల్టు పెట్టాలంటే ఖర్చవుతుంది, పెట్టకపోతే ఆ లేమినే వరంగా ప్రకటించుకోవచ్చు. టెనెస్సీ రాష్ట్రంలోని మోరిస్‌టౌన్‌కు చెందిన టఫ్ టార్క్ కంపెనీ వారి కె46 అనే నమూనా రకరకాల కంపెనీల చవక బండ్ల కింద కనిపిస్తుంది. దాని అడుగున నూనె తీసే బోల్టు లేదు గనుక, నూనె మార్చదలచినవాడు మొత్తం భాగాన్ని బండి నుంచి ఊడదీసి, తలకిందులు చేసి, పోసిన రంధ్రం నుంచే కక్కించవలసి ఉంటుంది. తలుపుకు తాళం వేస్తే ఎవరైనా అడుగుతారు, తలుపే లేకుండా గోడ కట్టేస్తే అది వాస్తు అనిపించుకుంటుంది.

పూర్వపక్షం వారికీ ఒక మాట ఉంది, అది పూర్తిగా కొట్టిపారేయదగినది కాదు. ఇంత సన్నని సందులున్న యంత్రాన్ని, రంపపు పొట్టూ కుక్కవెంట్రుకలూ ఎగిరే గ్యారేజీలో విప్పితే, పాత నూనె చేసే చెరుపు కంటే కొత్తగా చేరే దుమ్ము చేసే చెరుపే ఎక్కువని వారి వాదం. దుకాణానికి తీసుకువెళితే గంటకు వంద డాలర్లకు అటూ ఇటూగా ఉండే కూలి రేటుకు ఎవరూ దిమ్మలు విప్పి గీతలు లెక్కపెట్టరు, మొత్తం భాగాన్ని మార్చేస్తారు. ఆ ఖర్చు బండి ధరలో పెద్ద వాటా కాబట్టి, కొత్త బండే కొనమనే సలహా కూడా ఉచితంగా దొరుకుతుంది. కానీ విప్పితే చెడుతుందన్న వాదానికీ, విప్పవలసిన అవసరమే రాదన్న వాగ్దానానికీ మధ్య చాలా దూరం ఉంది. మొదటిది జాగ్రత్త, రెండోది కోత. పైగా మరమ్మతులను అడ్డుకోవడానికి తయారీదారులు చెప్పే కారణాలకు ఆధారాలు బహు స్వల్పమని 2021 మే నెలలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషనే తమ కాంగ్రెసుకు నివేదించింది. అన్నిటికంటే ముచ్చటైన సాక్ష్యం ట్రాన్స్‌మిషన్ తయారీదారులే అందిస్తున్నారు: బండి పుస్తకం విప్పరానిదని చెప్పే భాగాన్ని ఎలా విప్పాలో బొమ్మలతో సహా వివరించే మరమ్మతు పుస్తకాలను వాళ్ళే ప్రచురిస్తున్నారు, లోపలి దిమ్మలనూ సీళ్ళనూ వాళ్ళే విడిగా అమ్ముతున్నారు. అమరుడని ఇంటి ముందు బోర్డు పెట్టి, పెరట్లో పాడె కర్రలు అమ్మడం ఇటువంటిదే.

ఇక భాష్యం జరిగే స్థలానికి వస్తే, అక్కడి క్రతువు చాలా నిష్ఠతో కూడినది. బండి వెనక భాగాన్ని జాకీల మీద లేపి, బెల్టు తప్పించి, ఇరుసుకు తుప్పుతో అతుక్కుపోయిన చక్రాలను పుల్లర్‌తోనూ సుత్తితోనూ, ఆ రెండూ వినకపోతే తిట్లతోనూ ఊడదీసి, ట్రాన్స్‌మిషన్‌ను కిందికి దించుతారు. తలకిందులు చేసిన డబ్బాలోంచి కారే నూనె రంగు చూస్తే జీవితకాలం ఎలా గడిచిందో తెలుస్తుంది: కాటుకలా నల్లగా, దీపం పట్టి చూస్తే వెండి పొడి చల్లినట్టు మిలమిలలాడుతూ ఉంటుంది. బోల్టులు విప్పినా డబ్బా రెండు చెక్కలూ విడిపోవు, ఎందుకంటే కర్మాగారంలో వాటిని అతికించింది సిలికాన్ జిగురు. లోకోత్తరమైన ఆ జీవితకాలపు సీలు చివరికి తట్టలో సన్నని పిల్లపాములా చుట్టుకుని ఊడివచ్చే ఆ జిగురు తాడే. లోపల అయస్కాంతం మీద బూడిదరంగు ముద్ద, ఫిల్టరు మీద మాడిన గిన్నె అడుగు లాంటి పూత కనిపిస్తాయి. ఏ పిస్టను ఏ రంధ్రంలోనిదో గుర్తుపెట్టుకుంటూ ఒక్కొక్కటి తీసి, కిరసనాయిలుతో కడిగి, నూలుపోగు రాలని గుడ్డతో తుడిచి, దిమ్మ ఆనుకుని తిరిగే చదును ముఖం మీద గీతలుంటే మందపాటి అద్దం మీద పరిచిన అతి సన్నని ఎమరీ కాగితంపై, నూనె చుక్కలు వేస్తూ, ఎనిమిది అంకె ఆకారంలో రుద్దుతారు. గీతలు లోతైనవైతే రుద్దుడు పనికిరాదు, కొత్త దిమ్మ కొనాలి. ఈ సంగతి ఒప్పుకోలేక గంటల తరబడి రుద్దేవారి భక్తి కంపెనీ వాక్యాన్ని నమ్మినవారి భక్తికి తీసిపోదు. మళ్ళీ మూసేటప్పుడు జిగురు ఎక్కువ రాస్తే అది లోపలికి ఉబికి, ఊడి, సరాసరి కొత్త ఫిల్టరు మీదే వెళ్ళి కూర్చుంటుంది. ఈ విద్యలో అతిభక్తికి దొరికే ఫలితం అటువంటిది.

నిజానికి ఈ గ్యారేజీ ఋషులలో చాలామందికి జీవితకాలపు సిద్ధాంతం మీద లోలోపల గట్టి నమ్మకమే ఉంది, లేకపోతే బండి మిట్ట ఎక్కడం మానేసేదాకా పదేళ్ళపాటు ఆ డబ్బా వంక చూడకుండా ఉండరు. వంద గంటలకే ఒకసారి దించి నూనె మార్చి ఉంటే అద్దం మీద ఎనిమిదులు దిద్దుకోవలసిన పని చాలామందికి తప్పేది. ఇప్పుడు మాత్రం వారిలో తెలివైనవారు డబ్బా మూయబోయే ముందు, రెండు చెక్కలూ ఖాళీగా చేతిలో ఉండగానే, అడుగున పళ్ళచక్రాలకు తగలని చోటు చూసి ఒక రంధ్రం తొలిచి, మర తీసి, కొసన అయస్కాంతం ఉన్న ఒక బోల్టు బిగిస్తారు. తరువాత నూనె పోసి, వెనక చక్రాలు గాలిలో ఉండగా, నూనెను మోటారు చుట్టూ తప్పించే బైపాస్ మీటను తెరిచి పెడలును ముందుకూ వెనక్కీ నెమ్మదిగా అయిదారుసార్లు నొక్కి, మీట మూసి మళ్ళీ అదే చేసి, లోపల చిక్కిన గాలిని బుడగలు బుడగలుగా బయటికి పంపుతారు. మొదట ఉలుకూ పలుకూ లేని చక్రాలు కాసేపటికి బద్ధకంగా ఒళ్ళు విరుచుకుని తిరగడం మొదలుపెడతాయి. అప్పుడు ఎవరో ఒకరు బండి మీది గంటల మీటరు చూసి, సీటు కింద రేకు మీద మార్కరుతో తేదీ వేసి, ఆ అంకెకు వంద కలిపి రాస్తారు.