పద్దు రాస్తే పసిడి పండునా?

ఇంట్లో డబ్బు చాలకపోవడం లెక్క రాయకపోవడం వల్ల వచ్చే జబ్బేనని, నెల మొదటి తేదీన నోటుపుస్తకంలో మూడు గళ్లు గీస్తే అది నయమవుతుందని బోధించే గృహ బడ్జెట్ శాస్త్రానికి నేడు భక్తులు దండిగా ఉన్నారు. దాని మూలమంత్రం 50-30-20 సూత్రం. అనగా చేతికందిన జీతంలో 50 శాతం అవసరాలకు, 30 శాతం కోరికలకు, 20 శాతం పొదుపుకూ అప్పులకూ కేటాయించాలన్న నియమం. దీనికి ప్రచారం కల్పించినవారు అప్పట్లో అమెరికాలో న్యాయశాస్త్ర ఆచార్యురాలైన ఎలిజబెత్ వారెన్, ఆమె కుమార్తె అమీలియా వారెన్ త్యాగి; కల్పించినది 2005 నాటి పుస్తకంలో.

ఈ శాస్త్రాన్ని పరీక్షించడానికి కోలారు బంగారు గనులను మించిన చోటు లేదు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ వచ్చిన నాటి నుంచి, 2001 ఫిబ్రవరి 28న ప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ మూతపడే వరకు, ఇక్కడ తవ్విన రాయికీ తీసిన పసిడికీ పద్దు రాయని రోజు లేదు. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి, దాదాపు 800 టన్నుల బంగారం వెలికితీసిన ఈ గనులు, చివరికి బంగారం తీసే ఖర్చు దాని ధరను మించిపోయిందన్న లెక్కతోనే మూతపడ్డాయి. అంతమంది గుమాస్తాలు రాసిన పద్దులు గనిని నిలబెట్టలేకపోయినా, కార్మికుల లైన్ ఇళ్లలో ఒంటిగది కాపురం చేసే ఇల్లాలు రాసే పద్దు మాత్రం సంసారాన్ని నిలబెట్టి తీరాలట!

తెల్లవారకముందే గనుల ఊరి స్టేషనైన మారికుప్పంలో రైలెక్కి, సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో పని చేసి, చీకటిపడ్డాక ఇల్లు చేరే కూలీ ఇంటి పుస్తకం ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. బియ్యం, గ్యాస్ బండ, బడి ఫీజు, రైలు పాసు, చీటీ వాయిదా, సంఘం అప్పు కిస్తీ రాసేసరికి అవసరాల గడి నిండి పక్క గడిలోకి పొర్లుతుంది. కోరికల గడి ఖాళీగా ఉంటే శాస్త్రానికి అపచారం కనుక, పిల్లవాడికి కొన్న ఐదు రూపాయల బిస్కెట్ పొట్లాన్ని అందులో రాస్తే, దుబారా దొరికిందని బోధకుడు సంబరపడతాడు.

జిల్లాలోని టమాటా రైతుకు ఈ సూత్రం మరింత ముద్దుగా అమరుతుంది. కోలారు మార్కెట్‌లో 15 కిలోల పెట్టె 2023 జూలైలో రెండు వేల రూపాయలు దాటింది. పంట పోటెత్తిన రోజుల్లో అదే పెట్టె కోతకూలికి, బాడుగకు కూడా చాలక కాయలు రోడ్డు పక్కకు చేరతాయి. పారబోసిన కాయల్లో అవసరాలెన్ని, కోరికలెన్ని, పొదుపెంత అన్నది సూత్రకర్తలే తేల్చాలి.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని బడ్జెట్ భక్తులు హెచ్చరిస్తుంటారు. బంగారం తీయగా మిగిలిన రాతిపొడి, అనగా స్థానికులు సైనైడ్ దిబ్బలనే గుట్టలు, గనుల ఊరిలో ఇప్పటికీ కరగకుండా నిలిచి ఉన్నాయి. ఇక్కడివారు కూర్చుని తినలేదు, తరతరాలుగా తవ్వారు, అందుకే కొండలు మిగిలి కూడు కరిగింది. అసలు విడ్డూరమేమంటే, కుటుంబాలు దివాలా తీయడానికి ముఖ్య కారణం దుబారా కాదని, ఉద్యోగం పోవడం, జబ్బు చేయడం, కాపురం విడిపోవడమేనని 2003లో మరో పుస్తకంలో వాదించినవారు ఆ తల్లీకూతుళ్లే. భక్తులకు మంత్రం చేరింది గాని, ఆ మాట చేరలేదు.

లెక్క రాయడం తప్పు కాదు. రాని జీతానికి రాయని లెక్కను కారణంగా చూపడమే తప్పు. కనుక ఈ ఊళ్లలో బడ్జెట్ పాఠం చెప్పదలచినవారు ముందుగా మారికుప్పం రైలులో ఒక నెల తిరిగి, ఆదాయం గడిని తమ చేతులతో నింపి చూపాలి. ఖర్చుల గళ్లు నింపడం ఇక్కడి ఇల్లాళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు.